పీష్వాగారి మీద ఎఫ్‌.ఐ.ఆర్‌.

నిందితులందరూ ఎప్పుడో పోయారు. అది అభ్యంతరం కాకూడదు. మతం సంగతి వచ్చేసరికి మన దేశానికి బతికున్నవాళ్ళ కన్నా చచ్చినవాళ్ళ మీదే శ్రద్ధ ఎక్కువ. 1707లో కన్నుమూసిన ఔరంగజేబు సమాధి ఉండాలా, తవ్విపారేయాలా అన్న గొడవలో 2025 మార్చిలో నాగపూర్‌లో కర్ఫ్యూ పెట్టారు. ఆ లెక్కన నా ముద్దాయిలు మొన్న మొన్న పోయినవాళ్ళే.

నేరస్థలం సచిన్‌. క్రికెట్‌ దేవుడి పేరు కదా అని చేతులు జోడించకండి, ఇది ఊరు. సూరత్‌ నుంచి ముంబయి వైపు రైల్లో వెళ్తుంటే ఉధ్నా, భేస్తాన్‌ దాటాక తగులుతుంది. ఇప్పుడక్కడ డైయింగు మిల్లులు, మగ్గాల షెడ్లు, రసాయనాల ఫ్యాక్టరీలు. అన్నిటినీ కలిపి జి.ఐ.డి.సి. అంటారు. 1948 దాకా మాత్రం అది ఒక సంస్థానం. దాని నవాబు వస్తే 9 తుపాకులు పేల్చి సలాము కొట్టేవారు.

మొదటి ముద్దాయి పూనా పీష్వా. కొంకణ తీరాన సముద్రంలో నిలబడ్డ జంజీరా కోటలో గద్దె పోగొట్టుకున్న ఒక సిద్దీ వారసుడు పూనాకొచ్చి శరణు కోరితే, 1791లో పీష్వా దర్బారు అతనికి సచిన్‌ రాసిచ్చింది. సిద్దీలంటే ఆఫ్రికా మూలాలున్న ముస్లింలు. పీష్వాలంటే చిత్పావన బ్రాహ్మణులు. పట్టపగలు, కాగితం మీద రాసి మరీ, ఒక బ్రాహ్మణ ప్రభువు ఒక ముస్లింకు ఊళ్ళకు ఊళ్ళు ఇచ్చేశాడు. ఆ ఊళ్ళలో జనం ఎక్కువమంది హిందువులే. వాళ్ళనెవరూ అడగలేదు. ఆ రోజుల్లో అడిగే అలవాటు లేదు. ఈ రోజుల్లో అయిదేళ్ళకోసారి అడిగి మర్చిపోయే అలవాటు ఉంది.

ఇందులో నేరం ఏముందంటారా? గుజరాత్‌లో 1991 నుంచి కల్లోలిత ప్రాంతాల చట్టమని ఒకటి నడుస్తోంది. మతకలహాలప్పుడు భయపడ్డవాళ్ళు ఇళ్ళను అయినకాడికి తెగనమ్ముకుని పారిపోకుండా కాపాడటానికి పెట్టారు. ఉద్దేశం మంచిదే. రాష్ట్రంలో కలహాలే లేవని పాలకులు చెబుతూనే ఉన్నారు, చట్టం మాత్రం కొత్త పేటలకు పాకుతూనే ఉంది. సూరత్‌లోనూ దాని కిందికొచ్చిన పేటలు చాలా ఉన్నాయి. అక్కడ ఇల్లు చేతులు మారాలంటే కలెక్టరు అనుమతి కావాలి. అమ్మేవాడు ఇష్టపడే అమ్ముతున్నాడా, సరైన ధర వచ్చిందా అని ఆయన విచారించాలి. విచారణలో ముందుగా కంటబడేది కొనేవాడి పేరు.

1791 దస్తావేజు ఇవాళ కలెక్టరాఫీసులో పెడితే ఎలా ఉంటుందో ఊహించండి.

"ఇచ్చేవారెవరు?" అంటాడు గుమాస్తా.

"శ్రీమంత్‌ పీష్వా సర్కార్‌" అంటాడు పూనా వకీలు.

"పుచ్చుకునేవారు?"

"సిద్దీ అబ్దుల్‌ కరీం ఖాన్‌."

గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంటాడు. పేరు మారలేదు.

"ఇద్దరూ తెలిసే చేస్తున్నారా ఈ పని?"

"తెలిసే."

"ప్రతిఫలం?"

"జంజీరా కోట మీద ఆయనకున్న హక్కు మాకు వదిలేశారు."

"కోట స్వాధీనమైందా?"

వకీలు తల దించుకుంటాడు. కాలేదు. జంజీరాలో ఉన్న సిద్దీలు కోట ఇవ్వలేదు. పీష్వాలు పోయారు, మరాఠా రాజ్యం పోయింది, ఇంగ్లీషువాళ్ళూ పోయారు. కోట మాత్రం పీష్వాల చేతికి రానేలేదు. సరైన ధర రాలేదు కాబట్టి దరఖాస్తు తిరస్కరించడమైనది. గుమాస్తాకు చట్టం బాగా తెలుసు.

నవాబుల ఏలుబడి సెక్యులర్‌ స్వర్గమని నేననడం లేదు. ఆ మాటే వాళ్ళకు తెలియదు. వాళ్ళకు తెలిసింది శిస్తు. శిస్తు కట్టేవాడి బొట్టు ఎంత పొడుగని వాళ్ళు చూడలేదు, పంట ఎంతని చూశారు. అది ధర్మం కాదు, అవసరం. అవసరానికి ఉన్నపాటి బుద్ధి ధర్మానికి లేకుండా పోయిందేమిటన్నదే నా బాధ.

ఇక రెండో కేసు ఇంకా తీవ్రమైనది, అందులో సినిమావాళ్ళున్నారు. ఫాత్మా బేగం 1926లో ‘బుల్‌బులే పరిస్తాన్‌’ తీసి దేశంలో తొలి మహిళా దర్శకురాలైంది. ఆమెకు సచిన్‌ నవాబు ఇబ్రహీం మహమ్మద్‌ యాకూత్‌ ఖాన్‌తో ముడిపెట్టి సినిమా చరిత్రలు చెబుతాయి. పెళ్ళి జరిగినట్టు కాగితం లేదు, పిల్లలను నవాబు తనవాళ్ళని ఒప్పుకున్నట్టూ కాగితం లేదు. ఆమె కూతురు జుబేదా 1931 మార్చి 14న విడుదలైన ‘ఆలం ఆరా’లో నాయిక. అంటే ఈ దేశపు వెండితెర మొట్టమొదట నోరు విప్పినప్పుడు వినిపించిన గొంతుల్లో ఒకటి సూరత్‌లో పుట్టిన ఈ ముస్లిం అమ్మాయిది. అంతటితో ఊరుకుందా? పెళ్ళి చేసుకుంది. ఎవరిని? మన హైదరాబాదులో జ్ఞాన్‌బాగ్‌ మహలున్న ధన్‌రాజ్‌గిర్‌ల రాజావారిని. నర్సింగ్‌గిర్‌ ధన్‌రాజ్‌గిర్‌, గోసాయిల వంశం. వాళ్ళకు పుట్టిన కొడుకు పేరు హుమాయూన్‌ ధన్‌రాజ్‌గిర్‌. ఇంటిపేరు గిరి, వంటిపేరు మొఘలు చక్రవర్తిది. ఒక్క మనిషి ఓటరు కార్డు మీద రెండు మతకలహాలకు సరిపడా సరుకు.

దీనికి వర్తించే సెక్షన్లు చూద్దాం. గుజరాత్‌ తన మతస్వేచ్ఛ చట్టాన్ని 2021లో సవరించింది. స్వేచ్ఛ అన్న పేరు పెట్టుకుని అనుమతులు కోరే చట్టాల్లో ఇదొకటి. పెళ్ళి పేరుతో మతం మార్పించారని అమ్మానాన్నలే కాదు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, రక్తం వల్లా పెళ్ళి వల్లా దత్తత వల్లా చుట్టమైనవాళ్ళెవరైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. తప్పు చేయలేదని రుజువు చేసుకోవాల్సింది ముద్దాయే. మన తెలుగిళ్ళలో పెళ్ళి చెడగొట్టే హక్కు మేనత్త తోడికోడలి తమ్ముడి దాకా ఎప్పట్నుంచో ఉంది. గుజరాత్‌ చేసిందల్లా దానికి పోలీసు స్టేషను మెట్లు వేయడం. అదే ఏడాది ఆగస్టులో హైకోర్టు, బలవంతం, ప్రలోభం, మోసం లేని మతాంతర వివాహాలకు ఈ సెక్షన్లు వర్తించకుండా ఆపింది. ప్రభుత్వం ఊరుకోకుండా సుప్రీంకోర్టుకు పరుగెత్తింది.

జుబేదా కేసులో ఇంకో చిక్కు ఉంది. ఈ పెళ్ళిలో అమ్మాయి అటునుంచి ఇటొచ్చింది. పెళ్ళిళ్ళ మీద కన్నేసి ఉంచే సంఘాలవాళ్ళు ఇప్పుడు లాఠీ పట్టుకు రావాలా, హారతి పళ్ళెం పట్టుకు రావాలా? కొడుక్కి హుమాయూన్‌ అని పేరు పెట్టారని తెలిశాక హారతి ఆర్పేసి మళ్ళీ లాఠీ వెతుక్కోవాలా? దీని మీద పైనుంచి స్పష్టమైన ఆదేశాలు రావాలి.

ఇదంతా గుజరాతీల గోల, మనకేం పట్టిందనుకునే తెలుగు పాఠకుడికి ఒక దుర్వార్త. సాక్షుల జాబితాలో మనమూ ఉన్నాం.

తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ సూరత్‌ చేరిన పద్మశాలీలు లింబాయత్‌ లాంటి పేటల్లో తరాలుగా ఉన్నారు. వాళ్ళ పిల్లల కోసం సూరత్‌ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు, వాటి సరసన తెలుగు. ప్రభుత్వం అనేది చేయాల్సిన పని ఇలా ఉంటుంది, ఇందులో వెక్కిరించడానికి నాకేమీ దొరకలేదు. కాబట్టి తొందరగా సొంతూరికి పోతున్నాను, అక్కడ బోలెడు దొరుకుతుంది.

2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చీ రాగానే బతుకమ్మను, బోనాలను రాష్ట్ర పండుగలుగా ప్రకటించారు. నిజాం కాలంలోనూ ఆగని బతుకమ్మకు జీవో దేనికని అప్పుడెవరూ అడగలేదు. 2017లో పండక్కి ఆడపడుచులకు కోటికి పైగా చీరలు పంచారు. సిరిసిల్ల నేతన్నకు పని కల్పించడమని చెప్పారు. అంత సరుకు సిరిసిల్లలో ఆ గడువుకు తయారు కాదు కాబట్టి మిగతావి ఎక్కడినుంచి తెప్పించారో తెలుసా? సూరత్‌ నుంచి. నాసిరకమని కొన్ని ఊళ్ళలో ఆడవాళ్ళు వాటిని నడివీధిలో తగలబెట్టారు. సిరిసిల్లలో పని లేక సూరత్‌ చేరిన మనిషే, సిరిసిల్లలో పని కల్పించే పథకం కోసం, సూరత్‌లో కూచుని తన సొంత చెల్లెలికి నచ్చని చీర నేసి ఉండొచ్చు. రంజాన్‌కు ముస్లింలకు బట్టలు, క్రిస్మస్‌కు క్రైస్తవులకు బట్టలు కూడా ఇచ్చారు; అన్యాయం చేయలేదు. అన్ని మతాలకూ సమదూరంలో ఉండమంటే మనవాళ్ళు ఆ దూరాన్ని మీటర్లలో కొలిచి, కత్తిరించి, మడతపెట్టి, మీద ఫోటో అంటించి పంచారు.

ఆ 2017లోనే ఫిబ్రవరిలో తెలంగాణ ముఖ్యమంత్రి తిరుమల వెళ్ళి రాష్ట్రం వస్తే ఇస్తానన్న మొక్కు తీర్చారు. సుమారు 5 కోట్ల బంగారు నగలు. మొక్కుకున్నది ఒకరు, తీర్చింది ప్రభుత్వం. ఆ సొమ్ము ఖజానాదా, గుళ్ళ నుంచి దేవాదాయ శాఖ వసూలు చేసిందా అని కొన్నాళ్ళు వాదులాడుకున్నారు. ఏ పెట్టెలోంచి తీసినా మొక్కుకున్నవారి పెట్టె మాత్రం కాదు. ఒక మతాన్ని పెంచడానికి పన్నులు కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 27వ అధికరణం చెబుతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయకూడదని అందులో విడిగా రాయలేదు. రాయనక్కర్లేదనుకుని ఉంటారు పాపం, ఆ పెద్దవాళ్ళు.

ఆంధ్రా తీసిపోయిందా? జెరూసలేం వెళ్ళొచ్చే పేద క్రైస్తవులకు ఇచ్చే సాయం 40 వేల నుంచి 60 వేలకు పెంచింది ఒక ప్రభుత్వం. 2024 సెప్టెంబరులో తర్వాతి ప్రభుత్వ ముఖ్యమంత్రి తిరుమల లడ్డూ నెయ్యిలో జంతువుల కొవ్వుందని ప్రకటించారు, దర్యాప్తు ఆ తర్వాత పుట్టింది. దేవుళ్ళనైనా రాజకీయాలకు దూరంగా ఉంచండయ్యా అని సుప్రీంకోర్టు అనాల్సి వచ్చింది. వేంకటేశ్వరుడు ఏడుకొండలెక్కి కూచుంది ఆ దూరం కోసమేనేమో, మనవాళ్ళు మెట్లు కట్టారు, ఘాట్‌ రోడ్డు వేశారు, ప్రెస్‌మీట్లు పెట్టారు.

మళ్ళీ గుజరాత్‌. 2006లో వడోదరలో రోడ్డు వెడల్పు పేరుతో పాత దర్గా ఒకటి కూలగొట్టారు. గొడవలై మనుషులు చచ్చిపోయారు. మరి రోడ్లకు అడ్డమొచ్చిన ప్రార్థనాస్థలాలన్నీ తీసేయండని అక్కడి హైకోర్టు అంది. కేంద్రం సుప్రీంకోర్టుకు పోయి దాన్ని ఆపించింది. చివరికి 2009 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, గుడి, మసీదు, చర్చి, గురుద్వారా ఏ పేరుతోనైనా సరే రోడ్ల మీద, పార్కుల్లో కొత్తగా అక్రమంగా కట్టనివ్వొద్దని దేశం మొత్తానికీ ఆదేశమిచ్చింది. ఉన్నవాటి సంగతి ఒక్కొక్కటిగా చూసి తేల్చమని రాష్ట్రాలకు చెప్పింది. 2018లో ఆ గోల ఏదో మీరే చూసుకోండని హైకోర్టులకు పంపేసింది. మధ్యలో 2008లో గాంధీనగర్‌లో నరేంద్ర మోదీ ప్రభుత్వమే రోడ్డు మీది గుళ్ళను కూల్చడం మొదలుపెట్టింది, విశ్వహిందూ పరిషత్‌ కన్నెర్ర చేసేసరికి ఆపేసింది. ఆయన ఎంత పెద్దవాడైనా రోడ్డు పక్క ఆంజనేయుడి కన్నా పెద్దవాడు కాడు.

మీ వీధి చివర చూడండి. మొదట ఒక రాయి, రాయికి పసుపు, పసుపుకు నీడ, నీడకు రేకులు, రేకులకు కరెంటు, కరెంటుకు మైకు. లేదా మొదట ఒక ఆకుపచ్చ గుడ్డ, దాని కింద ఎవరో బాబా, బాబాకు ప్రహరీ. మున్సిపాలిటీ కొలతల మనిషి ఈ పరిణామాన్ని రోజూ కళ్ళారా చూస్తాడు, దండం పెట్టుకుని పోతాడు. అదే రాయి పక్కన బండి పెట్టి మిర్చిబజ్జీ అమ్మేవాడిని మాత్రం ఫుట్‌పాత్‌ ఆక్రమించావని తరిమికొడతాడు. ఒక్కోసారి ఇంత నెమ్మది ఉండదు. 2024 సెప్టెంబరులో సూరత్‌ సయ్యద్‌పురాలో గణేశ్‌ మండపం మీద రాళ్ళు పడితే, మర్నాటికే ఆ పేటలో అక్రమ కట్టడాలు అధికారుల కంటికి కనబడి యంత్రాలు దిగాయి. అప్పటిదాకా ఆ కట్టడాలు అదృశ్యంగా ఉన్నాయన్నమాట.

సూరత్‌ మున్సిపాలిటీ సొంత ఇంటి కథ ఇంకా రసవత్తరం. దాని ప్రధాన కార్యాలయం ఉన్నది మొఘల్‌సరాయ్‌లో. షాజహాన్‌ కాలంలో, 1644లో కట్టిన సత్రం. సూరత్‌ రేవు నుంచి హజ్‌కు ఓడలెక్కే యాత్రికులు అక్కడ బస చేసేవారు. 2021 నవంబరులో గుజరాత్‌ వక్ఫ్‌ బోర్డు ఆ భవనం వక్ఫ్‌ ఆస్తి అని తేల్చింది. అంటే నీటిపన్ను కట్టడానికొచ్చినవాడు అల్లా సన్నిధిలో క్యూ కడుతున్నాడు! అధికారులు బెంబేలెత్తి ట్రిబ్యునల్‌కు వెళ్ళారు. 2024 ఏప్రిల్‌లో ట్రిబ్యునల్‌ బోర్డు ఉత్తర్వును కొట్టేసింది. కథ కంచికి వెళ్ళిందనుకున్నాం, కానీ అది ఢిల్లీ వెళ్ళింది. ఆ ఆగస్టులో వక్ఫ్‌ సవరణ బిల్లు తెచ్చిన కేంద్రమంత్రి లోక్‌సభలో, సూరత్‌ మున్సిపల్‌ ఆఫీసునే వక్ఫ్‌ అనేశారు చూడండని ఎత్తి చూపారు. నాలుగు నెలల కిందటే ఆ రోగం నయమైన సంగతి పక్కన పెడదాం. నయమైన రోగాన్ని చూపించి కొత్త మందు అమ్మడం వైద్యంలో తప్పేమో గానీ చట్టసభల్లో కాదు. వక్ఫ్‌ బోర్డు పెద్దలకూ ఒక మాట: నగరం మొత్తం పన్నులు కట్టే గుమ్మాన్ని దేవుడి పేర రాసుకుంటే, మీ మీద కత్తి నూరేవాడికి సానరాయి మీరే ఇచ్చినట్టు.

ఆ భవనంలోనే ఒకప్పుడు ఒక కమిషనరు కూర్చున్నాడు. 1994 సెప్టెంబరులో సూరత్‌కు ప్లేగు వచ్చింది. దొరికిన రైలెక్కి లక్షల మంది పారిపోయారు. మరుసటి ఏడు వచ్చిన కమిషనరు సూర్యదేవర రామచంద్రరావు యాగం చేయించలేదు, ఊరేగింపు తీయించలేదు. చెత్త ఎత్తించాడు. అధికారులను ఏసీ గదుల్లోంచి లేపి రోజూ వీధుల్లో తిప్పాడు. హోటళ్ళకు జరిమానాలు, పెద్దవాళ్ళ ఆక్రమణల మీదికి గునపాలు. 1996లో ఇన్‌టాక్‌ సంస్థ సూరత్‌ను దేశంలో రెండో శుభ్రమైన నగరమంది. సెక్యులర్‌ ప్రభుత్వం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను రాజ్యాంగం 42వ సవరణ చూపించను, ఈ రెండేళ్ళ చెత్తబండ్ల లెక్క చూపిస్తాను. సెక్యులర్‌వాదులమని చెప్పుకునే నా స్నేహితులకు ఇది రుచించదు. వాళ్ళకు సెమినార్‌ కావాలి, తర్వాత ఇఫ్తార్‌ విందులో టోపీ పెట్టుకుని ఫోటో కావాలి.

ఎన్నికలొస్తే సూరత్‌లో అన్ని పార్టీల జెండాలు, కండువాలు, చీరలు తయారవుతాయి. ఒకే మిషన్లో పొద్దున కాషాయం, మధ్యాహ్నం ఆకుపచ్చ, రాత్రికి మన పసుపు, గులాబీ. రంగుకూ రంగుకూ మధ్య మిషను కడుగుతారు. కడిగిన నీళ్ళు శుద్ధి కేంద్రానికి పోవాలని నిబంధన. కొన్ని నీళ్ళకు నిబంధనలు తెలియవు, అవి ఖాడీల్లోకి, నాలాల్లోకి పోతాయి. ఈ దేశంలో కాషాయం, ఆకుపచ్చ కలిసి ప్రశాంతంగా ప్రవహించే చోటు అదొక్కటే.

2022 జనవరి 6న తెల్లవారుజామున సచిన్‌ జి.ఐ.డి.సి.లో ఒక ట్యాంకరు అలాంటి నాలాలోకి దొంగతనంగా రసాయనం వదిలింది. విషవాయువు లేచింది. పక్క డైయింగు మిల్లులో పనిచేస్తున్నవాళ్ళలో ఆరుగురు చచ్చిపోయారు, ఇరవై మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. 2024 జూలై 6న అదే సచిన్‌లోని పాలీ గ్రామంలో ఆరంతస్తుల భవనం కూలి ఏడుగురు పోయారు. పట్టుమని పదేళ్ళు కూడా నిలవని కట్టడం. పెళ్ళికూతురు ఏ మతంనుంచి వచ్చిందో, ఇల్లు కొన్నవాడి పేరేమిటో కనిపెట్టగల ప్రభుత్వానికి, ట్యాంకరులో ఏముందో, గోడలో సిమెంటు ఎంతుందో కనిపెట్టడం చేతకాలేదు. ఆ మిల్లు గేటు దగ్గర ఏ సంఘమూ లాఠీ పట్టుకుని కాపలా లేదు. ఆ నాలా మాదంటే మాదని ఏ బోర్డూ దావా వేయలేదు.

కాబట్టి పీష్వా మీద ఫిర్యాదు నేను వెనక్కి తీసుకుంటాను, ఒక్క షరతు మీద. చదువుతున్నది లింబాయత్‌లోనైనా, సిరిసిల్లలోనైనా, గుంటూరులోనైనా, మీ ఎమ్మెల్యే ఈసారి పండక్కి చీరో, టోపీయో, కేకో పట్టుకుని వస్తే తీసుకోండి. డబ్బు మీదే, మొహమాటం వద్దు. తీసుకున్నాక ఆయన్ని గుమ్మంలోంచి కదలనివ్వకుండా, మీ పేట నాలాలోకి ఎవరెవరు ఏమేం వదులుతున్నారో పేర్లతో చెప్పమనండి. చెప్పేదాకా కాఫీ ఇవ్వకండి.